గాలి హోరు వింటే అమ్మమ్మకి నిద్ర పట్టదు

ఈ పాఠంలో రెండు పనులు చేద్దాం. మనసుకి తగిలిన పాత గాయం అంటే ఏమిటో, అది ఎలా మానుతుందో తెలుసుకుందాం. ఆ బాధని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏ మాటల్లో చెబుతారో కూడా నేర్చుకుందాం. ఈ రెండో పని ఎందుకంటే, "ట్రామా", "యాంగ్జైటీ", "థెరపీ" అనే మాటలు మీకు బడిలోనే పరిచయం. మీ అమ్మమ్మ మాత్రం ఆ మాటలు వాడదు. "గుండెల్లో బరువుగా ఉంది నాన్నా" అంటుంది. మీరేమో అది గుండె జబ్బు అనుకుని కంగారు పడతారు, లేకపోతే ఊరికే అన్న మాట అనుకుని వదిలేస్తారు. రెండూ పొరపాటే కావచ్చు.

ఇది కాస్త బరువైన పాఠం. చదువుతుంటే మీకే ఇబ్బందిగా అనిపిస్తే ఇక్కడితో ఆపి, అమ్మకో నాన్నకో చెప్పండి. మిగతాది రేపు చదవొచ్చు.

ముందు ఈ సంభాషణ పైకి చదవండి. ఇందులో మనుషులు కల్పితం. వాళ్లు మాట్లాడుకునే ఉప్పెన మాత్రం నిజం.

జూన్ నెల. దోహాలో, అల్ అజీజియాలో ఒక ఇల్లు. బయట శమాల్ గాలి వీస్తోంది. రాత్రి ఒంటిగంట దాటింది. మనవడు మంచినీళ్ల కోసం లేచాడు. హాల్లో లైటు వెలుగుతోంది.

"ఏంటి అమ్మమ్మా, ఇంకా పడుకోలేదా?"

"తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూస్తున్నాన్రా."

"ఇందాక కూడా చూశావుగా!"

"గాలి చూడు, ఎలా కొడతందో."

"అది శమాల్ అమ్మమ్మా. ప్రతి ఏడూ వస్తుంది. దుమ్ము తప్ప ఇంకేం ఉండదు."

"ఆ రోజు మేమూ అట్టాగే అనుకున్నాం."

"ఏ రోజు?"

"ఏం లేదులే. నువ్వు పడుకో, పొద్దున్నే బడికెళ్లాలి."

"ఏం లేదులే" అన్న మాట కింద గీత గీయండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాట అన్నారంటే చాలాసార్లు ఏదో ఉందనే అర్థం. "నాకు చెప్పాలని లేదు", "చెబితే నువ్వు భయపడతావు", "చెప్పడం మొదలుపెడితే నేను ఆగలేను" అనే మూడు అర్థాలూ అందులో ఉండొచ్చు. ఏది అన్నది గొంతుని బట్టి తెలుసుకోవాలి. నిఘంటువులో దొరకదు.

ఈ అమ్మమ్మది దివిసీమ అనుకుందాం. కృష్ణానది సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మధ్య ఉన్న ప్రాంతమే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడి ఊళ్లు. 1977 నవంబరు 19, శనివారం నాడు అక్కడ తుఫాను తీరం దాటింది. గాలితో పాటు సముద్రం కూడా ఊళ్ల మీదికి వచ్చింది. ఇలా సముద్రం పొంగి భూమి మీదికి రావడాన్ని ఉప్పెన అంటారు. తాటిచెట్టంత ఎత్తున నీళ్లు వచ్చాయని అప్పటివాళ్లు చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీర గ్రామాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. పశువుల లెక్క వేరే. ఎవరి శవం ఎవరిదో గుర్తుపట్టే వీలు లేక, చాలాచోట్ల అందరినీ కలిపి దహనం చేశారు. అంటే ఎంతోమందికి తమ వాళ్లని చివరిసారి చూసుకోవడం, పేరు పెట్టి పిలిచి ఏడవడం, కర్మ చేయడం కుదరలేదు. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఆ ఏడు పన్నెండేళ్లున్న పిల్లకి ఇప్పుడు అరవై దాటాయి. ఇన్నేళ్ల తర్వాత, సముద్రానికి అవతల, గట్టి గోడలున్న ఇంట్లో కూడా గాలి హోరు వినగానే ఆమె ఎందుకు లేస్తుంది?

మన మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది. దాని పేరు అమిగ్డలా. ప్రమాదం కనిపించగానే గంట కొట్టడం దాని పని. గంట మోగగానే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవడానికో, పోరాడటానికో ఒళ్లు సిద్ధమవుతుంది. ఒక్కోసారి రెండూ చేయలేక కొయ్యబారిపోతుంది. పక్కనే హిప్పోకాంపస్ అనే ఇంకో భాగం ఉంది. "ఇది ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది" అని జ్ఞాపకానికి తేదీ, చోటు రాసి పెట్టేది ప్రధానంగా అదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ రాతపని సరిగ్గా సాగదు. హోరు, చీకటి, ఉప్పునీటి వాసన విడివిడి ముక్కలుగా, తేదీ లేకుండా మిగిలిపోతాయి. అందుకే హోరు వినిపిస్తే "అది 1977, ఇది ఇప్పుడు" అని ఒంటికి తెలియదు. తలకి తెలుసు, ఒంటికి తెలియదు. "దుమ్ము తప్ప ఇంకేం ఉండదు" అని మనవడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా అమ్మమ్మకి పనికిరాలేదు. కారణం ఇదే.

ఇప్పుడు మాటలు చూద్దాం. డాక్టర్లు ఈ స్థితికి 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టారు. దాని ముఖ్య లక్షణాల్లో ప్రతిదానికీ తెలుగులో అంతకుముందే మాట ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

జరిగిపోయినది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం ఒక లక్షణం. దీన్నే మనవాళ్లు "కళ్లముందు కదలాడుతోంది" అంటారు. గుర్తొచ్చింది అనరు, కదలాడుతోంది అంటారు. తేడా చూశారా? గుర్తొచ్చేది గతం. కళ్లముందు కదలాడేది వర్తమానం. చిన్న చప్పుడుకే అదిరిపడటం ఇంకో లక్షణం. దానికి "ఉలిక్కిపడటం" అనే చక్కటి క్రియ ఉంది. "పాపం, తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతోంది" అంటారు. చిన్నపిల్లలు భయపడి జ్వరం తెచ్చుకుంటే "జడుసుకున్నాడు" అంటారు. ఏ సంతోషమూ, ఏ బాధా తెలియకుండా పోతే "మనసు మొద్దుబారిపోయింది" అంటారు. మొద్దు అంటే పదును లేనిది. ఆ చోటికి, ఆ మాటకి దూరంగా తప్పుకోవడం మరో లక్షణం. "ఆ ఊసెత్తకు" అంటే ఆ సంగతి మాట్లాడకు అని. మన అమ్మమ్మ "ఏం లేదులే" కూడా ఈ వరసలోదే.

చాలామంది పెద్దవాళ్లు మనసు బాధని ఒంటి మాటల్లో చెబుతారు. గుండె దడ, కాళ్లూ చేతులూ ఆడకపోవడం, కడుపులో తిప్పడం, ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం. ఇది అబద్ధమూ కాదు, అమాయకత్వమూ కాదు. పైన చెప్పుకున్నాం కదా, గంట మోగేది ఒంట్లోనే. అయితే గుండె దడ అన్న ప్రతిసారీ మనసుదేలే అనుకోకూడదు. ముందు మామూలు డాక్టరు చూడాల్సిందే.

అన్ని గాయాలూ ఒక్కరోజులో తగిలేవి కావు. నెలల తరబడి, ఏళ్ల తరబడి తగిలేవి ఉంటాయి: ఇంట్లో రోజూ దెబ్బలు, చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోకపోవడం, తప్పించుకునే దారి లేని చోట బతకడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఇలాంటి దీర్ఘకాలపు గాయానికి అందులో కాంప్లెక్స్ పి.టి.ఎస్.డి. అని విడిగా పేరు పెట్టారు. ఇందులో పై లక్షణాలతో పాటు ఇంకో మూడు ఉంటాయి. కోపం, ఏడుపు అదుపులో ఉండవు. "నేను దేనికీ పనికిరాను, తప్పంతా నాదే" అనే నమ్మకం పాతుకుపోతుంది. మనుషుల్ని దగ్గరికి రానివ్వడం కష్టమవుతుంది. ఇలాంటివాళ్లని మన ఊళ్లలో ఏమంటారో తెలుసా? "ముక్కోపి", "మొండిది", "ఎవరితోనూ కలవడు". ఇవన్నీ స్వభావం గురించి చెప్పే మాటలు. ఒక్కోసారి అది స్వభావం కాదు, మానని గాయం.

గల్ఫ్‌లో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప వైపు నుంచి అప్పు చేసి ఇక్కడికి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. అప్పు తీరదు, ఇంటికి వెళ్లలేరు, ఇంట్లో ఎవరైనా పోతే చివరిచూపుకి అందుకోలేరు. ఫోనులో "నేను బాగానే ఉన్న, మీరు పైలం" అంటారు. పైలం అంటే తెలంగాణ మాటలో జాగ్రత్త. "బాగానే" అన్నప్పుడు ఆ "నే" దగ్గర కాస్త ఆగి వినండి. బాగున్నాను అనడానికీ, బాగానే ఉన్నాను అనడానికీ మధ్య చాలా దూరం ఉండొచ్చు.

ఇక మానడం సంగతి. తెలుగులో దీనికి చాలా క్రియలు ఉన్నాయి, అన్నీ ఒకటి కావు. "గాయం మానింది" అంటే పూడింది, మచ్చ మిగిలి ఉండొచ్చు. (ఇదే "మాను" క్రియకి వదిలేయడం అనే అర్థం కూడా ఉంది: "సిగరెట్లు మానేశాడు". వాక్యాన్ని బట్టి అర్థం పట్టుకోవాలి.) "జ్వరం తగ్గింది" అంటే తక్కువైంది లేదా పోయింది. "కోలుకుంది" అంటే పోయిన బలం తిరిగి వచ్చింది. "కుదుటపడింది" అంటే అటూ ఇటూ ఊగుతున్నది నిలకడకి వచ్చింది. "తేరుకుంది" అనే మాట చూడండి. బురదనీళ్లని కదపకుండా ఉంచితే మట్టి అడుగుకి చేరి పైన నీళ్లు తేటపడతాయి. అదీ తేరుకోవడం. మట్టి ఎక్కడికీ పోదు. పాత గాయం విషయంలో వైద్యులు ఆశించేది కూడా దాదాపు ఇదే. జ్ఞాపకం పోదు. కానీ రోజూ నీళ్లని కలిచివేయదు.

జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లో రాసిన పుస్తకంలో ఈ దారిని మూడు మజిలీలుగా చెప్పారు. మొదటిది భద్రత: ఇప్పుడు నేను క్షేమంగా ఉన్నాను అని ఒంటికి తెలియడం, నిద్ర, తిండి కుదురుకోవడం. రెండోది తలుచుకోవడం, ఏడవడం. మూడోది మళ్లీ మనుషుల్లో కలవడం. మొదటి మజిలీ దాటకుండా రెండోదానికి పరుగెత్తకూడదని ఆమె గట్టిగా చెప్పారు. ఈ విషయంలో మన సినిమాలు మనకి చాలా తప్పు నేర్పాయి. ఒక్క సీనులో గట్టిగా ఏడిపించేస్తే అంతా బాగైపోతుంది. నిజంలో అలా కుదరదు. పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి ఒక్కసారి అంతా చెప్పించేస్తే తర్వాత జబ్బు రాదని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకున్నారు. పరీక్షించి చూస్తే దానివల్ల మేలు కనిపించలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటున్నారు.

మరి చికిత్సలో ఏం చేస్తారు? ఒకటి కంటే ఎక్కువ దారులు ఉన్నాయి. నమ్మకాల మీద పనిచేసే పద్ధతి ఒకటి. "నేను చెయ్యి వదలకపోతే తమ్ముడు బతికేవాడు" అన్న ఆలోచన నలభై ఏళ్లుగా ఒకరిని తినేస్తోంది అనుకోండి. పన్నెండేళ్ల పిల్ల ఆ ప్రవాహంలో ఇంకేం చేయగలిగేది అని థెరపిస్టు ఆమెతోనే ఆలోచింపజేస్తారు, రాయిస్తారు. ఈ పద్ధతి మామూలుగా పన్నెండు సిట్టింగులు. జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా, తోడుతో, మళ్లీ మళ్లీ తాకి దాని వాడి తగ్గించడం ఇంకో పద్ధతి. ఫ్రాన్సిన్ షపీరో 1980ల చివర్లో మొదలుపెట్టిన ఇ.ఎం.డి.ఆర్. పద్ధతిలో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేళ్ల కదలికని కళ్లతో అటూ ఇటూ అనుసరిస్తారు. వింతగా ఉంటుంది. ఎందుకు పనిచేస్తుందన్న దాని మీద నిపుణుల మధ్య ఇంకా వాదన ఉంది, పనిచేస్తుందన్న దాని మీద మాత్రం మంచి ఆధారాలున్నాయి. అవసరమైతే డాక్టరు మందులు కూడా రాస్తారు.

నన్ను అడిగితే మన అమ్మమ్మకి బాగా నప్పేది ఇంకొకటుంది. యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల కోసం తయారుచేసిన కథన చికిత్స అది. నేల మీద ఒక తాడు పరుస్తారు. అది జీవితం. ఒక చివర పుట్టుక. మంచి జరిగిన చోట పువ్వు పెడతారు, చెడు జరిగిన చోట రాయి పెడతారు. తర్వాత ఒక్కో సిట్టింగులో ఆ కథ వరసగా చెబుతారు, థెరపిస్టు రాసుకుంటారు. చివరికి రాసినదంతా చదివి వినిపించి వాళ్ల చేతిలో పెడతారు. తేదీ లేని ముక్కలకి తేదీ, చోటు రాయడమే ఇదంతా. 1977 రాయి దగ్గర తాడు ఆగిపోలేదని, దాని తర్వాత పెళ్లి, పిల్లలు, ఈ మనవడు అనే పువ్వులు ఉన్నాయని కంటికి కనిపిస్తుంది. రాయి తీసేయరు. రాయి అక్కడే ఉంటుంది.

కర్మ చేయడం కుదరలేదు అని చెప్పుకున్నాం కదా. కొందరికి ఏళ్ల తర్వాత పేరు చెప్పి ఒక దీపం పెట్టడం, తద్దినం పెట్టడం, చర్చిలోనో మసీదులోనో ప్రార్థన చేయించడం ఎంతో ఊరటనిస్తాయి. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం చూసి మీరు నవ్వుకోవచ్చు. నవ్వకండి. ఒక మనిషి దగ్గర కూర్చుని నా కోసం ఏదో చేస్తున్నారన్న ధైర్యం అందులో ఉంది. కానీ తాయెత్తు కట్టాం కదా, ఇక డాక్టరు ఎందుకు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

మనకి ఇంకో అడ్డం ఉంది: నామోషీ. నామోషీ అంటే నలుగురిలో తలవంపు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఒక పేట. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది కాబట్టి "నిన్ను ఎర్రగడ్డకి పంపాలి" అనడం తిట్టైపోయింది. ఆస్పత్రి పేరే తిట్టైన చోట మనుషులు ఆ గుమ్మం ఎక్కడానికి జంకుతారు. ఈ తిట్టు మీ ఇంట్లో వినిపిస్తే ఏం చేయాలో మీరే ఆలోచించండి.

మనం ఉన్న చోటికి వద్దాం. అల్ అజీజియా పక్కనే విలాజియో మాల్, ఆస్పైర్ పార్కు ఉన్నాయి. మీలో చాలామంది ప్రతి శుక్రవారం వెళ్లే చోట్లే. 2012 మే 28న ఆ మాల్‌లో అగ్నిప్రమాదం జరిగింది. 19 మంది చనిపోయారు. అందులో 13 మంది చిన్నపిల్లలు, నలుగురు టీచర్లు, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది. కొన్ని నెలలకే మాల్ మళ్లీ తెరిచారు. ఆ రోజు దోహాలో ఉన్న కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ లోపలికి వెళ్లగానే ముందు బయటికి దారి ఎటుందో చూసుకుంటారు అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అది పిరికితనం కాదు.

ఖతర్‌లో మానసిక ఆరోగ్యానికి 2016లో ప్రత్యేకంగా చట్టం చేశారు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, హమద్ మెడికల్ కార్పొరేషన్ 16000 నంబరు మీద మానసిక సహాయ ఫోన్ సేవ మొదలుపెట్టింది. ప్రాణాపాయం ఉంటే 999. భారతదేశంలో ఉన్న తాతయ్యలు, నాయనమ్మల కోసం టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ నంబర్లు మీ నోటు పుస్తకం వెనక రాసుకోండి.

ఆస్పత్రికి వెళ్లాక ఒక చిక్కు వస్తుంది. డాక్టరుకి తెలుగు రాదు, అమ్మమ్మకి ఇంగ్లీషూ అరబ్బీ రావు. మధ్యలో మీరు ఉంటారు. జలుబుకో, మోకాలి నొప్పికో మీరు అనువాదం చేస్తే ఫరవాలేదు. ఇలాంటి విషయానికి మాత్రం చేయకండి. అమ్మమ్మ మీ ముందు నిజం చెప్పదు, మీరు భయపడతారని సగం మింగేస్తుంది. చెప్పినా, ఆ మాటలు మీ నోటితో పలకడం మీకు బరువు. "మాకు దుబాసీ కావాలి" అని ఆస్పత్రిలో అడగండి. రెండు భాషలు తెలిసి మధ్యలో మాట్లాడిపెట్టే మనిషిని దుబాసీ అంటారు. తెలుగువాళ్లు దొరకకపోతే, తెలుగు థెరపిస్టుతో వీడియోలో మాట్లాడే వీలుందేమో ఇంట్లో పెద్దవాళ్లని కనుక్కోమనండి. ఇరవై ఏళ్లు ఇంగ్లీషులో ఉద్యోగం చేసినవాళ్లు కూడా ఏడుపు వచ్చేసరికి అమ్మ భాషలోకే వస్తారు.

మరి మీరు చేయగలిగింది ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మామూలు మనుషుల కోసం ఒక చిన్న మార్గదర్శి వేసింది. దాని సారం మూడు క్రియలు: చూడు, విను, కలుపు. కలపడం అంటే సాయం చేయగలవాళ్ల దగ్గరికి చేర్చడం. ఆ రాత్రి హాల్లో మన మనవడు ఇలా అని ఉంటే ఎలా ఉండేది?

"గాలి చాలా గట్టిగా ఉంది కదా అమ్మమ్మా."

"అవున్రా."

"పద, ఇద్దరం కలిసి తలుపు చూద్దాం. ఇదిగో, గడియ పడింది. చెయ్యి పెట్టి చూడు."

"ఊ. పడింది."

"కాసేపు నీ దగ్గర కూర్చోనా?"

"బడి ఉందిగా నీకు."

"అయిదు నిమిషాలేలే."

ఈసారి మనవడు వాదించలేదు, తవ్వి అడగలేదు. చల్లటి గడియ మీద చెయ్యి పెట్టించడం చిన్న పనే కానీ, ఇది ఇప్పుడు, ఇది దోహా అని ఒంటికి చెప్పే పని అది.

ఇంటి పని

1. ఉలిక్కిపడటం, మొద్దుబారడం, తేరుకోవడం, కుదుటపడటం: ఒక్కో మాటతో ఒక్కో సొంత వాక్యం రాయండి. కనీసం ఒకటి నీళ్ల గురించో, ఒంటి గురించో కాకుండా మనసు గురించి ఉండాలి.

2. "బాగున్నాను", "బాగానే ఉన్నాను" అనే రెండు వాక్యాలనూ పైకి చదివి రికార్డు చేయండి. ఎక్కడ గొంతు మారిందో గుర్తించండి.

3. దిగులు, బెంగ, భయం, జంకు: వీటి మధ్య తేడా ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. మీ జిల్లాలో వీటికి వేరే మాటలుంటే అవి కూడా రాయండి. మాటల గురించే అడగండి. వాళ్ల కథ వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. "ఏం లేదులే" అంటే ఆ జవాబు కూడా పుస్తకంలో రాసుకోండి, మార్కులు తగ్గించం.